ఓ మంజాతోనా, మంజావోనా? ఇటాలియన్‌లో జరిగిపోయిన సంగతి చెప్పడానికి ఏ రూపం ఎంచుకోవాలి

ఇటాలియన్ మొదలుపెట్టిన కొత్తలో అంతా సాఫీగానే సాగుతుంది. పేరు చెప్పడం, కాఫీ అడగడం, దారి కనుక్కోవడం త్వరగానే వచ్చేస్తాయి. "నిన్న ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే మాత్రం నోరు పెగలదు. తిన్నాను అనడానికి ఓ మంజాతో అనాలా, మంజావో అనాలా, మంజాయ్ అనాలా? మూడూ భూతకాలమే, మూడూ తప్పులేని ఇటాలియనే. కానీ ఒకదాని చోట ఇంకోటి పెడితే కొన్నిసార్లు అర్థం మారిపోతుంది, కొన్నిసార్లు వినేవాళ్ళు చిన్నగా నవ్వుకుంటారు.

మనలో చాలామంది ఇటాలియన్‌ని ఇంగ్లీష్ పుస్తకాలతో నేర్చుకుంటాం. ఆ పుస్తకాలు ఇంగ్లీష్ వాళ్ళకి ఎక్కడ కష్టమో చూసుకుని రాసినవి. వాళ్ళు పేజీలకి పేజీలు చదివి పట్టుకునే తేడాల్లో సగం మనం తెలుగులో రోజూ వాడేవే. వాళ్ళు తేలిగ్గా దాటిపోయే చోట మనం తప్పు చేస్తాం. అందుకే ఇక్కడ ఇంగ్లీష్‌ని పక్కన పెట్టి తెలుగు నుంచి నేరుగా ఇటాలియన్‌కి వెళ్దాం.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. వాళ్ళ త, ద మన త, ద లాంటివే. ఒత్తులు మాత్రం గట్టిగా పలకాలి. ఫాత్తో అంటే "చేసిన", ఫాతో అంటే "విధి". ఒత్తులు మనకి అలవాటే కాబట్టి భయం లేదు.

ఎంచుకోవాల్సింది వేటి మధ్య?

పస్సాతో ప్రొస్సిమో: రెండు ముక్కలుగా ఉంటుంది, సహాయక క్రియ ఒకటి, భూతకాల విశేషణం ఒకటి. ఓ మంజాతో (తిన్నాను), సోనో అందాతా (వెళ్ళాను).

ఇంపెర్ఫెత్తో: ఒకే మాట. మంజావో (తినేదాన్ని, తింటూ ఉన్నాను).

పస్సాతో రెమోతో: ఇదీ ఒకే మాట. మంజాయ్ (తిన్నాను). కథల్లో, చరిత్రలో, దక్షిణ ఇటలీలో ఎక్కువ.

త్రపస్సాతో ప్రొస్సిమో: అవేవో మంజాతో (అప్పటికే తినేశాను). గతంలోని ఒక సంగతికి ఇంకా ముందు జరిగినది.

ఇంకొక్క రూపం పెద్ద పుస్తకాల్లో మాత్రమే కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడు వెళ్ళక్కర్లేదు.

నాలుగిటికీ ఒకే ప్రాముఖ్యం ఇచ్చి ఒకేసారి నేర్చుకోవాలని చూడటం దండగ. మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవాల్సింది మొదటి రెండిటి మధ్యే. అందుకే ఎక్కువసేపు వాటి దగ్గరే ఉందాం.

తెలుగులో ఉన్న తాళంచెవి

పస్సాతో ప్రొస్సిమో దగ్గర్లో జరిగినదానికి, ఇంపెర్ఫెత్తో ఎప్పుడో జరిగినదానికి అని కొందరు చెబుతారు. అది పొరపాటు. పది నిమిషాల క్రితం సంగతికి ఇంపెర్ఫెత్తో రావచ్చు, ఇరవై ఏళ్ళ క్రితం సంగతికి పస్సాతో ప్రొస్సిమో రావచ్చు. చూడాల్సింది ఎంత కాలం గడిచిందన్నది కాదు, పని ముగిసిపోయినట్టు చెబుతున్నామా, అది సాగుతుండగా దాని మధ్యలో నిలబడి చెబుతున్నామా అన్నది.

తెలుగులో ఇది మనకి అలవాటే. "తిన్నాను" వేరు, "తినేదాన్ని" వేరు, "తింటూ ఉన్నాను" వేరు. మొదటిది ఓ మంజాతో. మిగతా రెండూ మంజావో. నేను వాడే పరీక్ష ఇదే: తెలుగు వాక్యంలో క్రియని "-ఏవాణ్ణి, -ఏదాన్ని, -ఏవాళ్ళం" రూపంలోకో, "-తూ ఉన్నాను" రూపంలోకో మార్చి చూడండి. అర్థం చెడకుండా వాక్యం నిలబడితే ఇంపెర్ఫెత్తో. ఎబ్బెట్టుగా ఉంటే పస్సాతో ప్రొస్సిమో.

"చిన్నప్పుడు పాలు తాగేదాన్ని కాదు" అంటే ద బంబీనా నొన్ బెవేవో లాత్తే. "నేను తింటుండగా మార్కో వచ్చాడు" అంటే మెంత్రే మంజావో, ఎ అర్రివాతో మార్కో. రెండో వాక్యంలో తినడం సాగుతోంది, రావడం ఒక్కసారి జరిగింది. మన "-తుండగా" ఉన్నచోట వాళ్ళ మెంత్రే ఉంటుంది, దాని వెనక ఇంపెర్ఫెత్తో వస్తుంది.

వ్యవధి చెప్పే వాక్యాల్లో చాలామంది తడబడతారు. "మూడేళ్ళు రోమ్‌లో ఉన్నాను" అంటే అంతకాలం సాగింది కదా, ఇంపెర్ఫెత్తో పెట్టాలేమో అనిపిస్తుంది. కాదు. ఓ అబితాతో ఆ రోమా పెర్ త్రే ఆన్ని. మూడేళ్ళు అని లెక్క చెప్పేశాక దానికి మొదలూ చివరా వచ్చేశాయి, అది ముగిసిన సంగతి. "మూడేళ్ళు రోమ్‌లో ఉండేదాన్ని" అని తెలుగులో అని చూడండి, మనకే ఏదోలా ఉంటుంది. "అప్పట్లో రోమ్‌లో ఉండేదాన్ని" అంటే బాగుంటుంది, ఇటాలియన్‌లోనూ అంతే: అల్లోరా అబితావో ఆ రోమా.

సూచక పదాల జాబితాలని కూడా గుడ్డిగా నమ్మొద్దు. సెంప్రే (ఎప్పుడూ) కనిపిస్తే ఇంపెర్ఫెత్తో అని రాసిపెట్టుకుంటే, ఓ సెంప్రే అమాతో ఇల్ మారే (సముద్రమంటే నాకెప్పుడూ ఇష్టమే) దగ్గర దెబ్బతింటాం.

ఇప్పుడొక చిన్న కథ. యేరి సేరా ఫచేవా ఫ్రెద్దో. ఏరో స్తాంకా ఎ నొన్ వొలేవో ఉష్షీరే. పోయ్ ఆ తెలెఫొనాతో జూలియా ఎ సోనో ఉష్షీతా. నిన్న సాయంత్రం చలిగా ఉంది, అలసిపోయి ఉన్నాను, బయటికి వెళ్ళాలని లేదు. అంతలో జూలియా ఫోన్ చేసింది, వెళ్ళాను. చలి, అలసట, అయిష్టం వెనక తెరలాంటివి. ఫోన్ రావడం, వెళ్ళడం ఆ తెర ముందు జరిగిన పనులు. వొలేవో చోట ఓ వొలూతో పెట్టారనుకోండి, "వెళ్ళనంటే వెళ్ళనని భీష్మించాను" అన్నట్టు అవుతుంది. మరి వెళ్ళడమేంటి? కథ అడ్డం తిరుగుతుంది.

ఒకే క్రియ, రెండు అర్థాలు

కొన్ని క్రియలు ఏ రూపంలో ఉన్నాయన్నదాన్ని బట్టి అర్థమే మార్చుకుంటాయి. ఇంగ్లీష్ పుస్తకాలు వీటిని మినహాయింపుల్లా పట్టిక కట్టి బట్టీ పట్టమంటాయి. మనకి ఆ అవసరం లేదు. తెలుగులో వీటికి ఎలాగూ వేరువేరు మాటలున్నాయి.

సపేవో అంటే "నాకు తెలుసు, ముందే తెలుసు". ఓ సపూతో అంటే "తెలిసింది". కొనొష్షేవో అంటే "పరిచయం ఉండేది". ఓ కొనొష్షూతో అంటే "పరిచయమయ్యారు". దొవేవో అందారే అంటే "వెళ్ళాల్సి ఉంది", వెళ్ళానో లేదో చెప్పడం లేదు. సోనో దొవూతా అందారే అంటే "వెళ్ళాల్సి వచ్చింది", అంటే వెళ్ళాను. నొన్ వొలేవా మంజారే అంటే ఆమెకి తినాలని లేదు. నొన్ ఆ వొలూతో మంజారే అంటే తిననంది. పొతేవో అంటే చేయగలిగే స్థితిలో ఉన్నాను, ఓ పొతూతో అంటే చేయగలిగాను. తెలుగు మాట మనసులోకి వచ్చిందంటే ఇటాలియన్ రూపం కూడా తేలిపోయినట్టే.

ఇటలీలో మొదటిసారి ఒక కాఫీ బార్ దగ్గర నిలబడి నేను ధీమాగా ఓ వొలూతో ఊన్ కఫ్ఫే అన్నాను. కౌంటర్ వెనకున్నాయన తల ఊపి కాఫీ ఇచ్చాడు గానీ, పక్కనున్నావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అక్కడ అనాల్సింది వొలేవో ఊన్ కఫ్ఫే. అది నిజానికి గతం కాదు, మర్యాద. మనం "ఒక మాట అడుగుదామనుకున్నాను" అని ఇప్పుడే అడుగుతూ భూతకాలం వాడమూ, అలాంటిదే.

తెలుగు మోసం చేసే చోట్లు

ఇంతవరకూ తెలుగు సాయం చేసింది. ఇక అది కాలు అడ్డం పెట్టే చోట్లు. ఇవి మనకెందుకు కష్టమో ఇంగ్లీష్ పుస్తకాలు చెప్పవు.

"ఆమె ఎర్ర కోటు వేసుకుంది." ఇది తొడుక్కోవడమా, ఒంటి మీద ఉండటమా? తెలుగులో రెండూ కావచ్చు, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. ఇటాలియన్‌కి ఆ సందిగ్ధం కుదరదు. తొడుక్కుంటే సి ఎ మెస్సా ఇల్ కప్పోత్తో. ఒంటి మీద ఉంటే పొర్తావా ఊన్ కప్పోత్తో రోస్సో. మనుషులు ఎలా ఉన్నారో వర్ణించేటప్పుడు మనవాళ్ళు తరచూ మొదటిది వాడేస్తారు. వినేవాళ్ళకి ఆమె అప్పుడే కోటు తీసి తొడుక్కున్నట్టు వినిపిస్తుంది.

"కూర్చున్నాడు" కూడా అంతే. సి ఎ సెదూతో అంటే వచ్చి కూర్చున్నాడు, ఏరా సెదూతో అంటే కూర్చుని ఉన్నాడు. "నిద్రపోయాడు" అంటే నిద్రలోకి జారుకోవడం అయితే సి ఎ అద్దొర్మెంతాతో, ఎనిమిది గంటలు పడుకోవడం అయితే ఆ దొర్మీతో.

"నిన్న చలిగా ఉంది" లాంటి వాక్యాల్లో మనం "ఉంది" అనే వదిలేస్తాం, నిన్న అన్న మాట కాలాన్ని చెప్పేస్తుంది కాబట్టి. ఇటాలియన్‌లో అక్కడ ఇంపెర్ఫెత్తో కావాలి. వయసుకీ అదే: అవేవో దియేచి ఆన్ని, అప్పుడు నాకు పదేళ్ళు. టైముకీ అంతే: ఎరనో లే ఓత్తో, అప్పుడు ఎనిమిదైంది. మనం "ఎనిమిదైంది" అని జరిగిన పనిలా అంటాం, వాళ్ళకది వెనక తెర.

అన్నిటికంటే ఎక్కువగా దొరికిపోయేది రైలు వాక్యం. "నేను వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది." మన "-ఏసరికి", "-పోయింది" కలిసి ఏది ముందో ఏది వెనకో చెప్పేస్తాయి కాబట్టి మామూలు భూతకాలం చాలు. అదే ఊపులో క్వాందో సోనో అర్రివాతా, ఇల్ త్రేనో ఎ పర్తీతో అంటే, నేను చేరుకున్నాక రైలు బయల్దేరిందని అర్థం వస్తుంది. అనాల్సింది ఇల్ త్రేనో ఏరా జా పర్తీతో. నాలుగో రూపం, త్రపస్సాతో, మనకి పనికొచ్చేది ముఖ్యంగా ఇలాంటి చోటే. తెలుగులో "అప్పటికే" అన్న మాట పెట్టగలిగితే అక్కడ త్రపస్సాతో రాయండి.

అన్నట్టు, ఏరా అంటే "ఉండేవాడు, ఉండేది". మొదట్లో ఇటాలియన్లు మాట్లాడుకుంటుంటే నన్నెవరో "ఏరా" అని పిలుస్తున్నట్టు ఉలిక్కిపడేదాన్ని.

ఆవెరేనా, ఎస్సెరేనా?

పస్సాతో ప్రొస్సిమో ఎంచుకున్నాక ఇంకో ఎంపిక ఎదురవుతుంది. సహాయక క్రియ ఆవెరేనా (కలిగి ఉండటం: ఓ, ఆయ్, ఆ), ఎస్సెరేనా (ఉండటం: సోనో, సెయ్, ఎ)? కదలికకి ఎస్సెరే అని చాలాచోట్ల నేర్పిస్తారు. ఆ సూత్రం సగమే నిజం. వెళ్ళడం, రావడం, చేరడం, బయల్దేరడం ఎస్సెరే; నడవడం, ఈదడం, ప్రయాణం చేయడం ఆవెరే. ఓ కమ్మినాతో, ఓ వ్యజ్జాతో. పరిగెత్తడం రెండిటితోనూ ఉంటుంది: ఊరికే పరిగెత్తితే ఓ కోర్సో, ఇంటికి పరిగెత్తితే సోనో కోర్సా ఆ కాజా. అంటే కదలిక ఒక్కటే సరిపోదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడం ఉండాలి.

ఇక్కడ కూడా తెలుగు ఒక మంచి దారి చూపిస్తుంది. మన దగ్గర పెరుగు-పెంచు, మారు-మార్చు, అయిపోవు-పూర్తిచేయు జంటలున్నాయి. ఇటాలియన్‌లో ఇలాంటి జంటకి తరచూ ఒకే క్రియ ఉంటుంది, తేడా అంతా సహాయక క్రియలోనే. ధరలు పెరిగాయి: ఇ ప్రెత్సి సోనో ఔమెంతాతి. ధరలు పెంచారు: ఆన్నో ఔమెంతాతో ఇ ప్రెత్సి. సినిమా అయిపోయింది: ఇల్ ఫిల్మ్ ఎ ఫినీతో. పుస్తకం పూర్తిచేశాను: ఓ ఫినీతో ఇల్ లీబ్రో. క్లాసు మొదలైంది: లా లెత్సియోనే ఎ కొమిన్చాతా. కోర్సు మొదలుపెట్టాను: ఓ కొమిన్చాతో ఇల్ కోర్సో. తనంతట తాను జరిగితే ఎస్సెరే, ఎవరో దాన్ని చేస్తే ఆవెరే.

"-కొను" కూడా పనికొస్తుంది. గిన్నెలు కడిగాను అంటే ఓ లవాతో ఇ ప్యాత్తి, చేతులు కడుక్కున్నాను అంటే మి సోనో లవాతా లే మాని. పని చేసినవాళ్ళ మీదికే తిరిగొస్తే ఎస్సెరే. అయితే "-కొను" ఉన్న ప్రతి మాటకీ ఇది వర్తించదు. నేర్చుకున్నాను అంటే ఓ ఇంపరాతో, మామూలు ఆవెరే.

ఇక "నాకు నచ్చింది". ఇంగ్లీష్ వాళ్ళు తలకిందులైపోయే చోట ఇది. వాళ్ళకి "నేను ఇష్టపడ్డాను" తప్ప ఇంకో దారి తట్టదు. మనకి మాత్రం మి ఎ ప్యచూతో ఇల్ ఫిల్మ్ మాటకి మాట సరిపోతుంది: నాకు నచ్చింది సినిమా. నచ్చినవి ఎక్కువైతే క్రియ మన "నచ్చాయి" లాగే మారుతుంది: మి సోనో ప్యచూతి ఇ లీబ్రి.

నిద్ర, నవ్వు, ఏడుపు మాత్రం తనంతట తాను జరిగినట్టు అనిపించినా ఆవెరేతోనే వస్తాయి: ఓ దొర్మీతో, ఓ రీసో, ఓ ప్యాంతో. వీటికి సూత్రం వెతక్కుండా గుర్తుపెట్టుకోండి. వాన కురిసిందనడానికి ఎ ప్యొవూతో, ఆ ప్యొవూతో రెండూ నడుస్తాయి, టెన్షన్ వద్దు.

ఎస్సెరే వచ్చినప్పుడు చివరి అక్షరం కర్తని బట్టి మారాలి. ఎ అందాతో, ఎ అందాతా: వెళ్ళాడు, వెళ్ళింది. ప్రథమ పురుషలో మనకి అలవాటే. కానీ "వెళ్ళాను"లో ఆడా మగా తేడా ఉండదు కదా, అక్కడే మర్చిపోతాం. ఉదాహరణలన్నీ మగవాళ్ళ రూపంలో ఉన్న పుస్తకంతో నేర్చుకుని నేను చాలాకాలం సోనో అందాతో అనే అంటూ తిరిగాను. తమాషా ఏంటంటే ఇంపెర్ఫెత్తోలో ఇది తిరగబడుతుంది. "తినేవాణ్ణి, తినేదాన్ని" అని మనం తేడా చూపిస్తాం, వాళ్ళు ఇద్దరికీ మంజావో అంటారు.

పస్సాతో రెమోతో: నేర్చుకోవాలా, వదిలేయాలా?

పుట్టుక సంగతి తీసుకుందాం. దాంతే నాక్వే ఆ ఫిరెంత్సే నెల్ 1265, అంటే ఇటాలియన్ కవి దాంతే 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. అదే మన అమ్మమ్మ గురించి అయితే మీయా నోన్నా ఎ నాతా నెల్ 1940. 1940 కూడా పాత సంగతే, కానీ ఆవిడ మనకి సంబంధించిన మనిషి. చెప్పేవాళ్ళకి ఆ సంగతితో ఇంకా బంధం ఉంటే ప్రొస్సిమో, తెగిపోయి దూరంగా నిలబడితే రెమోతో. పుస్తకాల ఇటాలియన్‌లో లెక్క ఇది.

మాటల్లోకి వస్తే ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మిలాన్ వైపు ఉత్తరాదిలో రోజువారీ మాటల్లో రెమోతో దాదాపు వినపడదు, ఇరవై ఏళ్ళ క్రితం సంగతికైనా ప్రొస్సిమోనే. సిసిలీలో అయితే పొద్దున తిన్నదానికి కూడా మంజాయ్ అనేవాళ్ళున్నారు. టస్కనీ మధ్యలో ఉంటుంది, పుస్తకాల్లో చెప్పిన తేడాని అక్కడివాళ్ళు మాటల్లోనూ చాలావరకు పాటిస్తారు. కాబట్టి సిసిలీలోని పలెర్మోలో ఉండబోయేవాళ్ళు దీన్ని చెవికి అలవాటు చేసుకోవాలి. తిరిగి ప్రొస్సిమోలో జవాబిస్తే ఎవరూ తప్పు పట్టరు.

రూపాలు మాత్రం చిక్కే. ఫేచి, ఫచేస్తి, ఫేచే, ఫచెమ్మో, ఫచేస్తే, ఫేచెరో. చూడ్డానికి గందరగోళంగా ఉన్నా ఒక పద్ధతుంది: నేను, అతను, వాళ్ళు అనే మూడిటిలోనే క్రియ వంకర తిరుగుతుంది, మిగతా మూడూ మామూలుగానే ఉంటాయి. ఇలాంటి మొండి క్రియల్లో చాలావాటికి ఇదే వరస. కథలు, చరిత్ర చదివేవాళ్ళు అతను, వాళ్ళు అనే రెండు రూపాలు గుర్తుపట్టగలిగితే ముప్పాతిక పని అయిపోతుంది. రాయడానికి రెమోతో భయపెడితే ఇంకో దారి ఉంది. ఇటాలియన్లు చరిత్రని వర్తమానంలో కూడా చెబుతారు: నెల్ 1861 నాషే ఇల్ రేన్యో దితాలియా, 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడింది.

ఎవరికి ఏది, ఏ వరసలో

రెండు వారాల విహారానికి వెళ్ళేవాళ్ళకి పస్సాతో ప్రొస్సిమో చాలు. ఆతో, ఊతో, ఈతో అనే ముగింపులు (పర్లాతో, క్రెదూతో, దొర్మీతో), వాటితోపాటు మొండికేసే ఓ పదిహేను: ఫాత్తో, దెత్తో, విస్తో, లెత్తో, స్క్రిత్తో, మెస్సో, అపెర్తో లాంటివి. ఇంపెర్ఫెత్తోలోంచి వొలేవో, ఏరా, చేరా (అక్కడ ఉండేది) అనే మూడు ముక్కలు పట్టుకెళ్ళండి.

చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు ఈ రెండిటినీ విడివిడిగా నేర్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మామూలు కోర్సుల్లో ముందు ప్రొస్సిమో నేర్పి, కొన్ని నెలలకి ఇంపెర్ఫెత్తో తెస్తారు. ఈలోగా చలికీ అలసటకీ కూడా ప్రొస్సిమో అంటుకుపోయి, దాన్ని వదిలించుకోవడానికి మళ్ళీ కొన్ని నెలలు పడుతుంది. ప్రొస్సిమో మొదలైన వారం పది రోజులకే ఇంపెర్ఫెత్తో తెచ్చుకోండి. ఇటాలియన్‌లో ఇంత పద్ధతిగా నడిచే కాలం ఇంకోటి లేదు: పర్లావో, పర్లావి, పర్లావా, పర్లవామో, పర్లవాతే, పర్లావనో. పూర్తిగా వేరే దారి పట్టేది ఎస్సెరే ఒక్కటే (ఏరో, ఏరి, ఏరా). ఫారే, దీరే, బేరే లాంటి కొన్ని మాత్రం కొంచెం మారి ఫచేవో, దిచేవో, బెవేవో అవుతాయి, అంతే.

పౌరసత్వం కోసం దరఖాస్తు చేసేవాళ్ళకి 2018 చట్టం నుంచి సాధారణంగా బీ1 స్థాయి (యూరప్ భాషా ప్రమాణాల్లో మధ్యస్థ స్థాయి) ధ్రువపత్రం కావాలి. ఆ స్థాయిలో ప్రొస్సిమో, ఇంపెర్ఫెత్తో కలిపి ఒక అనుభవాన్ని తడబడకుండా చెప్పగలగాలి. రైలు వాక్యంలాంటివి కూడా అప్పటికి రావాలి. రెమోతో పట్టికల మీద పెట్టే సమయాన్ని వీటి మీద పెట్టండి.

సాధనకి నాకు బాగా పనిచేసింది ఒకటే. రాత్రి పడుకునే ముందు ఆ రోజు గురించి ఐదు వాక్యాలు ముందు తెలుగులో రాసేదాన్ని, మామూలుగా మాట్లాడుకునే తెలుగులో. ప్రతి క్రియ కిందా గీత గీసి, "-ఏదాన్ని" లేదా "-తూ ఉన్నాను" పెట్టి చూసి, ఆ తర్వాతే ఇటాలియన్‌లోకి వెళ్ళేదాన్ని. మొదటి వారం ఒక్కో వాక్యానికి ఐదు నిమిషాలు పట్టింది. నెల తిరిగేసరికి గీతలు గీయడం మానేశాను, "వేసుకుంది", "కూర్చున్నాడు" వచ్చినప్పుడు తప్ప.